గొర్రె నోట్లో తవుడు

జనవరి 18, ఆదివారం

ఈరోజు కూడా మైత్రే.

పొద్దున్నే రాజేంద్రప్రసాద్ సార్ మమ్మల్నిద్దరినీ కబేళాకు తీసుకెళ్లారు. ఆదివారం సిద్దిపేటలో కోత ఎక్కువ, చూడ్డానికి కాలేయాలూ ఊపిరితిత్తులూ కావలసినన్ని దొరుకుతాయి. మేం పశువుల దవాఖానలో ఇంటర్న్‌లుగా చేరిన నాటి నుంచి ఆయన పద్ధతి ఒకటే. ఏ అవయవం ముందు పెట్టినా రోగం పేరు చెప్పకూడదు. ముందు రంగు చెప్పాలి. మచ్చ ఎంత ఉంది, ఎక్కడ ఉంది, అంచు ఎలా ఉంది, నొక్కితే గట్టిగా ఉందా మెత్తగా ఉందా, కోస్తే లోపల ఏముంది, అన్నీ చెప్పాలి. పేరు చివర్న. ముందే పేరు చెప్పినవాళ్లు ఆ రోజు బల్ల, కత్తులు కడగాలి.

బల్ల మీద దున్నపోతు కాలేయం పెట్టారు. చూడగానే "జలగ రోగం సార్" అనేశాను.

"పేరు నిన్నెవరడిగిన్రమ్మా?" అన్నారు సార్.

మైత్రి ముందుకొచ్చింది. వేలితో నొక్కింది, వాసన చూసింది, తొందరపడలేదు. అంచులు మొద్దుబారాయట, పిత్తనాళాలు తెల్లటి తాళ్లలా ఉబ్బాయట, కత్తి పెడితే ఇసుక తగిలినట్టు గరగరమంటోందట. అప్పుడు చెప్పింది, జలగ రోగమని. నేను చెప్పిన పేరే.

"గిట్ల చూడాలె. ఈ పిల్లకు కన్నున్నది" అన్నారు సార్, కోత కోసేవాళ్లందరి ముందు.

కత్తులు నేను కడిగాను. నేను చెప్పింది తప్పు కాదు. రాసి పెట్టుకుంటున్నాను, తప్పు కాదు.

నేను పుట్టింది గొర్రెల మందలో. మైత్రి గొర్రెను మొదటిసారి చూసింది విస్తట్లోనే అయ్యుంటుంది.

జనవరి 19, సోమవారం

ఆమె ఫోన్‌లో ఫోటో తీస్తే మచ్చ అంచు కూడా స్పష్టంగా కనబడుతుంది. నా ఫోన్‌లో అన్నీ బూడిద రంగే. కన్ను కాదు, ఫోను.

జనవరి 21, బుధవారం

ఒళ్లంతా గడ్డలతో ఒక ఆవు వచ్చింది. ఈసారి నేను పేరు చెప్పలేదు. గడ్డలు ఎంతున్నాయో చెప్పాను, గట్టిగా ఉన్నాయని చెప్పాను, చర్మంతో పాటే కదులుతున్నాయని కూడా చెప్పాను. సార్ తల ఊపారు. నేను ఊపిరి పీల్చుకునే లోపే మైత్రి ఆవు ముందరికాలు దగ్గర వంగి, అక్కడి లింఫు గ్రంథి వాచి నిమ్మకాయంత అయిందని చెప్పింది. సార్ కూడా వంగి చూశారు. నేను చెప్పినదంతా ఆ వంగడంతో పోయింది.

మధ్యాహ్నం ఇద్దరికీ సరిపడా అన్నం తెచ్చింది. చింతచిగురు పప్పు, ఎండబెట్టిన చిగురుతో. బాగుంది. బాగున్నందుకు ఇంకా కోపం వచ్చింది. బాగుందని చెప్పలేదు, రెండోసారి మాత్రం పెట్టించుకున్నాను.

సాయంత్రం అవ్వ ఫోన్ చేసి బాపుకు ఇచ్చింది. మైత్రి వాళ్ల నాన్న మధుసూదన్ పటేలుకు మా ఊళ్లో పెద్ద చెలక ఉంది. ఈసారి కంది వేశారు. కోత అయిపోగానే అందులో మంద పెట్టమన్నాడట. అంత చెలకకు మా మంద ఒక్కటీ చాలదు, అందుకని కనకవ్వ చిన్నమ్మ మందతో కలిపి ఒకే దడిలో పెడతారట. నెలాఖరు దాటాక. గొర్రెలు అక్కడ కొన్నాళ్లు పడుకుంటే ఆ చెలకకు వేరే ఎరువు అక్కర్లేదు, మాకు ఏడాదికి సరిపడా వడ్లు వస్తాయి. చిన్నమ్మ మా అవ్వకు చెల్లెలి వరస. చిన్నాయన పోయాక ఆ మందే ఆమెకు దిక్కు.

ఇదంతా చెప్పి బాపు అడిగిన మాట, "మైత్రమ్మ మంచిగున్నదా?"

నేను మంచిగున్నానా అని అడగలేదు. ఆమె పటేలు బిడ్డ కదా. నేను ఇంటి పిల్లను. నేను ఇన్నేళ్లు చదివిన చదువు బాపుకు కాగితం మీద చదువే. ఒక్క గొర్రె కుంటినా నన్ను అడగడు. "నువ్వు సదువుకో బిడ్డా, చేతులు ఖరాబు చేసుకోకు" అంటాడు. గొర్రెల గురించే కదా బాపూ చదివేది అంటే నవ్వుతాడు.

జనవరి 23, శుక్రవారం

ఇది జాగ్రత్తగా రాయాలి.

చిన్నమ్మ జీవాలకు మూతుల మీద పుండ్లు లేచాయని ఊరి నుంచి ఫోన్ వచ్చింది. సార్‌కు మీటింగ్ ఉంది. "మీరిద్దరు పోయి చూసి రండి. మంగళవారం నేనొచ్చి మల్ల చూస్త" అన్నారు. రిపోర్ట్ మైత్రిని రాయమన్నారు. మైత్రి బండి మీద, ఆమె వెనకాల కూర్చుని, మా ఊరికి వెళ్లాను.

చిన్నమ్మ దడి దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది, మైత్రిని చూసి కొంగు సర్దుకుంది. "నువ్వా అమ్మా, పటేలు బిడ్డవు" అంటూ కూర్చోవడానికి గోనెసంచి పరిచింది. మైత్రి కూర్చోలేదు. గ్లౌజులు వేసుకుని గొర్రెపిల్లల్ని ఒక్కొక్కదాన్నీ పట్టుకుని చూసింది. పెదాల అంచున, ముక్కు చుట్టూ నల్లటి పక్కులు. గోటితో లేపితే కింద ఎర్రగా, కొంచెం నెత్తురు. పాలు తాగలేకపోతున్నాయి. ఫోటోలు తీసింది. సార్ చెప్పిన వరసలోనే అన్నీ చెప్పుకుంటూ పోయింది, సార్ అక్కడ లేకపోయినా. చివర్న మూతిపుండ్లు అంది. చిన్నమ్మకు ధైర్యం చెప్పింది. వాటంతటవే తగ్గుతాయి, మందు నీళ్లతో కడిగి పూత రాస్తే చాలు, మీరు మాత్రం ఉత్త చేతులతో ముట్టుకోకండి అని. తన ఫోన్ నంబరు కూడా ఇచ్చింది.

నేను పట్టుకునే పని చేస్తున్నాను. దడి మూలన ఒక పెద్ద గొర్రె తల వాల్చి నిలబడి ఉంది. మేత ముట్టడం లేదు. కంటి మూలల్లో పుసి గట్టిపడింది, ముక్కు కింద చీమిడి ఆరి పెచ్చు కట్టింది. తోక తడిగా ఉంది. నేను దాని దవడ పట్టి నోరు తెరిచాను.

లోపలి పెదవి మీద, చిగుళ్ల మీద తవుడు అద్దినట్టు ఉంది. వేలితో రాస్తే ఊడి వచ్చింది. కింద పచ్చి ఎరుపు. వాసన చెప్పలేను.

మూతిపుండ్లకు నోట్లో ఇలా ఉండదు. పారుడు రోగానికి ఉంటుంది. పారుడు తగ్గే దశలో పెదాల మీద పక్కులు కూడా కడతాయి, మూతిపుండ్లలాగే కనబడతాయి. మాకు పాఠం చెప్పినప్పుడు నేను మొదటి వరసలో కూర్చున్నాను. పారుడు ఒక మందలోంచి ఇంకో మందలోకి ఊపిరితోనే పోతుంది.

"ఏమున్నదే లోపల?" అంది చిన్నమ్మ.

"ఏం లేదు చిన్నమ్మా" అన్నాను.

వేలు గడ్డికి తుడుచుకున్నాను. అటు నుంచి మైత్రి అడిగింది, "రోజా, నీకేమన్న కనబడ్డదా? రిపోర్ట్ రాస్తున్న."

"నువ్వు చెప్పిందే" అన్నాను.

అంతే జరిగింది. నేను అబద్ధం చెప్పలేదు. ఆమె చెప్పిందే రాయమన్నాను.

వచ్చేటప్పుడు దారంతా మైత్రి ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది. మంగళవారం సార్ వస్తారు. ఆయన నోరు తెరవకుండా వదలరు. తెరిచి చూసి, ఎవరు రాశారమ్మా ఇది అంటారు. ఆ మాట నా చెవులతో వినాలి. అంతవరకే. మందలు కలిపేది నెలాఖరు దాటాక, ఈ లోపు ఏమీ మునిగిపోదు.

జనవరి 24, శనివారం

నాకు కచ్చితంగా తెలియదు.

చిన్నమ్మ పొద్దున తవుడు పెట్టి ఉంటుంది. తవుడు తిన్న గొర్రె నోట్లో తవుడు ఉండదా?

మేత ముట్టని గొర్రె. కానీ ముందురోజు తిని ఉండవచ్చు.

జనవరి 25, ఆదివారం

మళ్లీ కబేళా. ఈరోజు ఒక ఊపిరితిత్తి గురించి నేను చెప్పింది బాగుందని సార్ అన్నారు. మైత్రి కూడా "సూపర్" అంది. ఆమె మెచ్చుకుంటే ఒళ్లు మండుతుంది. మెచ్చుకోవడానికి నువ్వెవరు?

ఇంటికి ఫోన్ చేశాను. బాపు చెలకలోనే ఉన్నాడు. కంది ఎత్తడం అయిపోయిందట. పటేలు తొందరపడుతున్నాడట, రేపో ఎల్లుండో మందలు కలుపుతారట.

ఆగు బాపూ, ఒక వారం ఆగు అన్నాను. ఎందుకన్నాడు. చిన్నమ్మ జీవాలకు పుండ్లున్నాయి కదా అన్నాను.

"గవి వాటంతటవే పోతయని మైత్రమ్మనే చెప్పిందట గదా. పటేలు బిడ్డ చెప్పినంక పటేలు చెలకల మంద పెట్టనంటె మంచిగుంటదా?"

"అయినా ఆగరాదే."

"నువ్వు సుత పోయి చూసినవు గద బిడ్డా. నీకేమన్న వేరే కనబడ్డదా? చెప్పు, ఆగుత."

బాపు అడిగాడు. నా జన్మలో మొదటిసారి జీవాల గురించి నన్ను అడిగాడు. ఆ రోగం పేరు నా నోటి దాకా వచ్చింది.

చెప్పానంటే బాపు వెళ్లి చిన్నమ్మకు చెబుతాడు. చిన్నమ్మ దగ్గర మైత్రి నంబరుంది. మైత్రి రేపు పొద్దున్నే బండేసుకుని వెళ్లి ఆ గొర్రె నోరు తెరుస్తుంది. అక్కడి నుంచే సార్‌కు ఫోన్ చేస్తుంది, ఫోటోతో సహా. పారుడును పట్టుకున్న పిల్ల అవుతుంది. ఇదంతా నాకు సినిమాలా కనబడింది, ఆమె గ్లౌజుల రంగుతో సహా.

"ఏం లేదు బాపూ, ఊరికెనే అన్న" అన్నాను.

ఎల్లుండి మంగళవారం. సార్ వస్తారు. ఒక్క రోజు కలిసినా వెంటనే విడదీయొచ్చు.

జనవరి 26, సోమవారం

దవాఖానలో జెండా ఎగరేశారు, బూందీ పంచారు. సార్ శిక్షణకు హైదరాబాద్ వెళ్తున్నారట. వచ్చే వారం దాకా రారు.

జనవరి 27, మంగళవారం

మందలు కలిపేశారు.

జనవరి 30, శుక్రవారం

అవ్వతో మాట్లాడాను. అన్నీ బాగానే ఉన్నాయట. మా జీవాలు పటేలు చెలకలో ఎలుగెత్తి అరుస్తున్నాయట. బాపు అక్కడే పడుకుంటున్నాడట. కొమురవెల్లి మల్లన్నకు ఈసారి రంగుల ముగ్గులతో పట్నం వేయించాలని మొక్కుకున్నాడట, ఏడాది బాగుందని.

చూశావా. తవుడే అది.

ఫిబ్రవరి 2, సోమవారం

చిన్నమ్మ మందలో పిల్లలు చచ్చిపోతున్నాయి. మైత్రికి ఫోన్ వచ్చింది.  పాలు తాగలేక నీరసించాయేమో, పైన న్యుమోనియా కూడా వచ్చిందేమో అని తనలో తనే అనుకుంటూ పుస్తకాలు తిరగేసింది. సార్‌కు ఫోన్ చేసింది. గురువారం నేరుగా మా ఊరికి వస్తానన్నారట, అప్పటిదాకా మందలో కొత్త జీవాలను కలపవద్దన్నారట.

"కలిపేసిన్రు కదా, మీ వాళ్లవి" అంది మైత్రి.

నేను తలూపాను.

"రోజా, ఆ పెద్ద గొర్రెను నువ్వే పట్టుకున్నవు కదా. నోరు తెరిచి చూసినవా?"

"లేదు."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆమె నమ్మింది. "నేను తెరవాల్సింది" అని తన నుదురు తానే కొట్టుకుంది. ఆమె ఏడుస్తుందేమోనని చూశాను. చూడాలనుకున్నాను కూడా. ఏడవలేదు. బండి తాళం తీసుకుని చిన్నమ్మ దగ్గరికి వెళ్లిపోయింది, నన్ను రమ్మని పిలిచి. నాకు తలనొప్పి అన్నాను.

ఫిబ్రవరి 4, బుధవారం

బాపు తనంతట తాను ఫోన్ చేశాడు. ఎప్పుడూ అవ్వే చేసి ఇస్తుంది. జీవాల ముక్కుల్లోంచి నీళ్లు కారుతున్నాయట. రాత్రి నుంచి పారుతున్నాయట, ఒకదాని తోక చూస్తే మిగతావాటి సంగతి చెప్పొచ్చట. టీకా వేశాక పుట్టిన పిల్లలన్నీ పడిపోయాయట.

"బిడ్డా, మైత్రమ్మను తోలుకొని రా."

"నేనొస్త బాపూ."

"నువ్వు సుత రా. ఆమెను తోలుకొని రా."

ఆమెదే తప్పు. రిపోర్ట్ ఆమెది. మూతిపుండ్లని రాసింది ఆమె. ఆమెనే తోలుకొని రమ్మంటున్నాడు.

ఫిబ్రవరి 5, గురువారం

సార్ వచ్చారు. పటేలు చెలకలో, దడికి దూరంగా, గోనెసంచుల మీద శవపరీక్ష. చచ్చినవాటిలో అప్పుడే పోయిన పిల్లను ఎంచుకున్నారు. అది మాది. చెవికి బాపు కోసిన గంటు ఉంది. బాపు, చిన్నమ్మ ఒక పక్కన నిలబడ్డారు. బాపు గొంగడి భుజం మీదే ఉంది, ఎండ కొడుతున్నా తీయలేదు.

సార్ కోశారు. అన్నవాహిక, ఊపిరితిత్తులు, పేగులు వరసగా పరిచారు. "చెప్పండి" అన్నారు.

ఊపిరితిత్తుల ముందరి భాగం ముదురు ఎరుపు, కాలేయంలా గట్టి. నేను చెప్పాను. పెద్దపేగు చివర, లోపలి మడతల మీద చారలు, ఎర్రటివి, ఒకదాని పక్కన ఒకటి. అదీ నేనే చెప్పాను. నా గొంతు స్థిరంగానే ఉంది. ఈ చారలు పుస్తకంలో ఎన్నిసార్లు చూశానో. మా పిల్ల కడుపులో మొదటిసారి చూశాను.

తర్వాత సార్ దవడ విరిచి నోరు చూపించారు. మైత్రి వంగింది. చాలాసేపు చూసింది.

"తవుడు అద్దినట్టున్నది సార్" అంది.

ఆ మాట నాది. పదమూడు రోజులుగా నా దగ్గరే ఉన్న మాట. దాన్ని కూడా తీసేసుకుంది.

"ఇప్పుడు పేరు చెప్పు" అన్నారు సార్.

"పారుడు సార్. పీపీఆర్. కనకవ్వ మందల గుడ గిదే. నేను మూతిపుండ్లని రాసిన. పెదాలు చూసి ఆగిపోయిన సార్, ఒక్క నోరు గుడ తెరవలే. తప్పు నాదే." అని బాపు వైపు తిరిగింది. "కాకా, నేను సరిగ్గ చూడలే. నా మాట విని మీరు మంద కలిపిన్రు."

అందరి ముందు అనేసింది. కాలు జారిన మనిషి లేచి దుమ్ము దులుపుకున్నట్టు అనేసింది.  బాపు ఆమె వైపు చూసిన చూపులో కోపం లేదు.

సార్ అడిగారు, "ఆ రోజు జీవాల్ని పట్టుకున్నదెవరు?"

"నేను సార్" అన్నాను. "కాళ్లు పట్టుకున్న."

నేనక్కడితో ఆపాను. అక్కడితో ఆగేదే.

"నోరు తెరిసింది రోజనే గద సారూ" అంది చిన్నమ్మ. కోపంగా అనలేదు, సార్‌కు సాయం చేస్తున్నట్టు అంది. "మూలకున్న పెద్ద గొర్రెది. వేలు పెట్టి చూసి గడ్డికి తుడ్సుకున్నది. ఏమున్నదే అని నేనడిగిన. ఏం లేదన్నది. గందుకె నేను నిమ్మలంగున్న."

 మైత్రి నా వైపు చూసింది. సోమవారం నేను లేదన్న మాట ఆమెకు గుర్తొచ్చిందని ఆమె ముఖంలో తెలిసింది. చెప్పేస్తుందనుకున్నాను. చెప్పలేదు. కిందికి వంగి సీసాలకు మూతలు పెట్టడం మొదలుపెట్టింది.

సార్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కత్తులు కడగమని కూడా అనలేదు. తానే కడుక్కున్నారు.

శాంపిళ్లు ల్యాబ్‌కు వెళ్లాయి. చచ్చినవాటిని సున్నం వేసి పాతిపెట్టారు. రేపటి నుంచి చుట్టుపక్కల ఊళ్లలో మంచిగున్న మందలకు టీకాలు. బాపు గుంత తవ్వాడు. నేను పార తీసుకోబోతే ఇవ్వలేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

తప్పు ఒప్పుకోవడానికి కూడా మనిషికి కొంత జాగ కావాలి. మైత్రికి ఉంది. పడినా ఆ చెలకంత మెత్తటి జాగ ఉంది వెనకాల. నేను ఒప్పుకుంటే నా వెనకాల ఏముంది? ఇన్నేళ్లకు మా ఇంట్లో ఒక్కరు చదివితే, ఆ చదివింది కూడా ఇంతేనా అంటారు.

ఇది నిజమే. ఇది నిజమే కానీ, చిన్నమ్మ ఏమున్నదే అని అడిగినప్పుడు నాకు ఇదేదీ గుర్తు రాలేదు. మైత్రి రాస్తున్న కలం మాత్రమే కనబడింది.

టీకాలకు తిరుగుతుంటే కొండపాక దగ్గర బండి ఆపి మైత్రి అడిగింది. "ఆ రోజే నీకు తెలిసింది కదా?"

నేను ఒళ్లో ఉన్న టీకాల పెట్టె మూత సర్దాను.

"నాకైతే నోరు తెరిచినా తెలుస్తుండెనో లేదో. నేను నిన్న చూసింది కోసి పెట్టినంక. నువ్వు నిలబడ్డ గొర్రె నోట్ల చూసినవు." ఇంకేదో అనబోయి ఆగింది. "నా మీద కోపముంటె నన్ను తిట్టకపోయినవా రోజా? గొర్రెలేం చేసినయి?"

మొదటి మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. నువ్వు చూసినవు అంది. మైత్రి అంది. లోపల ఎక్కడో సంతోషం పొంగింది, నేను వద్దనుకునే లోపే. రెండో మాటకు జవాబు చెప్పాల్సింది, అప్పటికి బండి స్టార్ట్ చేసేసింది.

ఫిబ్రవరి 7, శనివారం

ఈరోజు మా మంద. బతికున్నవాటిని ఏరి, రోగమున్నవాటిని ఒక దడిలో, లేనివాటిని ఒక దడిలో వేయాలి. ఏది ఎటు పోవాలో నోరు చూసి చెప్పాలి. తప్పు చెబితే మిగిలినవి కూడా పోతాయి. సార్ చిన్నమ్మ మంద దగ్గర ఉన్నారు. మా మంద దగ్గర మైత్రి, నేను, బాపు.

నేను ముందుగానే వెళ్లి నిలబడ్డాను. చేతులు కడుక్కుని గ్లౌజులు వేసుకున్నాను, ఇవాళ నా సొంతవి. బాపు మొదటి గొర్రెను మోకాళ్ల మధ్య పట్టి దవడ తెరిచాడు. నేను వంగబోయాను.

బాపు గొర్రె తలను అటు తిప్పాడు.

"నువ్వు చూడు బిడ్డా" అన్నాడు మైత్రితో. "మా రోజ చూస్తది గని చెప్పదు."

గొంతు పెంచలేదు. ఒక జీవం గురించి చెప్పినట్టు చెప్పాడు, అది కుంటుతుంది, ఇది పొడుస్తుంది అన్నట్టు. మైత్రి చేతులు గాల్లో ఆగిపోయాయి. నన్ను చూసింది. నేను పక్కకు జరిగి చోటిచ్చాను.

ఒక్కొక్కటే వచ్చాయి. బాపు తెరుస్తున్నాడు, మైత్రి చూస్తోంది, నేను వెనక కాళ్లు పట్టుకుంటున్నాను. ఇది మంచి దడికి, ఇది రోగం దడికి. ఈసారి మైత్రి తొందరపడలేదు, ప్రతి పెదవీ తిప్పి చూసింది. నేను ఆమె భుజం మీదుగా చూస్తూనే ఉన్నాను. చూడకుండా ఉండడం నా వల్ల కాదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఒక పడుచు గొర్రె వచ్చింది. అప్పుడే ఎదిగొచ్చిన ఆడది, కళ్లు తేటగా ఉన్నాయి, తోక పొడిగా ఉంది. మైత్రి పెదవులు చూసింది, చిగుళ్లు చూసింది. "మంచిదే కాకా" అంది.

బాపు దాన్ని మంచి దడి వైపు నడిపించబోయాడు. నోరు ఇంకా కొంచెం తెరుచుకునే ఉంది. నాలుక కింద, మూలన, బియ్యపు నూకంత తెల్లగా ఏదో కనబడింది. ఒక్కటే.

నాకు కచ్చితంగా తెలియదు.

"ఆగు బాపూ" అన్నాను. "నాలుక కింద ఉన్నది."

మైత్రి మళ్లీ వంగింది. నాలుక లేపి వేలితో రాసింది. తెలుపు ఊడి వచ్చింది, కింద ఎర్రగా ఉంది. "ఉన్నది కాకా" అంది. "రోజ చెప్పింది నిజమే. నేను చూడలే."

 బాపు ఆ గొర్రెను రోగం దడిలోకి తోలాడు. దడి కట్టెను లాగి మూశాడు, మంద వైపు నడిచాడు, చెవులు పట్టి ఇంకో గొర్రెను లాక్కొచ్చి మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. దవడ తెరిచాడు.

దాన్ని కూడా మైత్రి వైపే పట్టాడు.